పొగ ఊపిరితిత్తుల దగ్గర ఆగదు

చిరంజీవి బుజ్జికి,

డయాలసిస్ కోర్సులో చేరీ చేరగానే మంచి అనుమానం రాశావు. కాళ్ళవాపుతో వచ్చిన మనిషిని డాక్టరుగారు ముందుగా చుట్ట సంగతే అడిగారనీ, పొగ పోయేది ఊపిరితిత్తుల్లోకి కదా, కిడ్నీతో దానికి పనేమిటనీ.

పనంతా నెత్తురుతోనే. గుండె కొట్టే నెత్తురులో ఇంచుమించు ఐదో వంతు ఆ పిడికిలంత కిడ్నీలకే పోతుంది. రోజుకు 180 లీటర్లు వడకట్టి, ఒకటిన్నర, రెండు లీటర్లు మూత్రంగా వదిలి, మిగతాది ఒంటికి తిరిగి ఇచ్చేస్తాయి. నెత్తురులో ఏం కలిసినా వాటిని దాటిపోదు. పొగ పీల్చిన క్షణాల్లోనే నికోటిన్ అందులో కలుస్తుంది. గుండె వేగం, బీపీ పెరుగుతాయి, కిడ్నీలోని సన్నని రక్తనాళాలు బిగుసుకుంటాయి. ఒక బీడీ తెచ్చిన బిగింపు కాసేపటికి సడలుతుంది. ఏళ్ళ తరబడి కట్టలు కట్టలు కాలిస్తే నాళం లోపలి పొర చెడుతుంది, గోడ గట్టిపడుతుంది. వడపోత దెబ్బతిని, నెత్తురులో ఉండాల్సిన ఆల్బుమిన్ అనే ప్రొటీన్ మూత్రంలోకి జారుతుంది. షుగర్ ఉన్నవాళ్ళలో ఈ నష్టం ఇంకా త్వరపడుతుంది.

ఇంకొకటి మీ పుస్తకంలో ఒక్క లైనుతో సరిపెట్టి ఉంటారు. పొగాకు మొక్క నేలలోని కాడ్మియాన్ని లాగి ఆకుల్లో దాచుకుంటుంది. పొగతో ఒంట్లో చేరిన ఆ లోహం కిడ్నీల్లో పేరుకుని, చుట్ట మానేసిన తరవాత కూడా ఏళ్ళ తరబడి కదలదు. ఇక పొగలోని క్యాన్సర్ విషాల్ని కిడ్నీ మూత్రంలోకి నెట్టేస్తుంది, ఆ మూత్రం గంటలకొద్దీ మూత్రాశయంలో నిలవుంటుంది. మూత్రాశయ క్యాన్సర్‌కు పొగాకు పెద్ద కారణం కావడం అందుకే. నొప్పి లేకుండా మూత్రంలో ఎర్రగా పడుతోందని ఎవరైనా అంటే, "వేడి చేసిందిలే" అని ఇంట్లోవాళ్ళు సర్దేస్తారు. నువ్వు సర్దుకోకు, డాక్టరు దగ్గరికి పంపు.

రక్తపరీక్షలో క్రియాటినిన్ నార్మల్‌గా ఉందని ధీమాగా ఉండేవాళ్ళూ కనిపిస్తారు. కిడ్నీల పనితనం సగం దాకా పోయినా ఆ అంకె పెద్దగా కదలకపోవచ్చు. మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష చేయిస్తే చాలాసార్లు అంతకంటే ముందే తెలుస్తుంది. పెద్ద ఖర్చున్న పరీక్ష కూడా కాదు.

అడగడంలోనూ ఒక నేర్పుంది. శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో ముసలమ్మను "సిగరెట్ అలవాటుందా?" అంటే లేదంటుంది. అబద్ధం కాదు, ఆమెది చుట్ట. అదీ నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ. నిజామాబాద్ వైపు బీడీ అని అడగాలి. ఎన్నేళ్ళుగా, రోజుకెన్ని అని కూడా అడిగి కేసు షీటులో రాయించు. అలాగని శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతపు కిడ్నీ జబ్బును చుట్టకు అంటగట్టకు. అక్కడి జబ్బుకు అసలు మూలం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. చుట్ట ముట్టని వాళ్ళకూ వస్తోంది. కారణం తెలియని చోట పేషెంటునే దోషిని చేయడం నాకు నచ్చదు.

సూది గుచ్చుతుండగా నిన్నొకరు తప్పకుండా అడుగుతారు: "కిడ్నీలు పోనే పోయాయి, ఇప్పుడు మానితే ఏమొస్తుందమ్మా?" తడబడకు. డయాలసిస్ మీద ఉన్నవాళ్ళను ఎక్కువగా బలిగొనేది గుండె జబ్బని, మానితే గుండెకు మేలని చెప్పు. రేపు కిడ్నీ మార్పిడికి పిలుపొస్తే, పొగ మానితేగాని చాలామంది సర్జన్లు ఒప్పుకోరనీ, పెట్టిన కిడ్నీ నిలవడానికి కూడా అది అవసరమనీ చెప్పు. మానాలని ఉండి మానలేకపోతుంటే కేంద్ర ప్రభుత్వ ఉచిత ఫోన్ నంబరు 1800-11-2356 కాగితం మీద రాసి ఇవ్వు. చదువు రానివాళ్ళయితే పక్కనున్న కొడుకు ఫోన్లో ఎక్కించు.

ఇట్లు,
పెదనాన్న