పాత మస్టాంగ్ కొనాలనుకునేవారికి

మిషిగన్‌లోని మా ట్రాయ్‌లో మనవాళ్ళు చాలామంది కార్ల పరిశ్రమలోనే పనిచేస్తారు. నేనూ అందులోనే రిటైరయ్యాను. ఏటా ఆగస్టు మూడో శనివారం వుడ్‌వర్డ్ రోడ్డు మీద డ్రీమ్ క్రూజ్ జరుగుతుంది. అక్కడ బారులు తీరిన పాత కార్లను చూసొచ్చిన కుర్రాళ్ళు, "అంకుల్, ఒక పాత మస్టాంగ్ కొనమంటారా?" అని అడుగుతుంటారు. వాళ్ళకు చెప్పే మాటలివి.

1. హార్స్‌పవర్ అంకెలు చూసి మోసపోకండి. 1965 మస్టాంగ్‌లో మామూలు రకం 4.7 లీటర్ల వి8 ఇంజన్‌కు 200 అని రాశారు. అప్పట్లో ఇంజన్ను కారులోంచి తీసి, సైలెన్సర్‌లాంటి బరువులేవీ తగిలించకుండా కొలిచేవారు. 1972 నుంచి అన్నీ బిగించే కొలుస్తున్నారు. అలా కొలిచినా, ఇప్పటి మస్టాంగ్‌లో 2.3 లీటర్ల నాలుగు సిలిండర్ల టర్బో ఇంజనే 300 దాటుతుంది.

2. "పాత బండి ఉక్కుముద్ద, దానికేమవుతుంది?" అనేవాళ్ళకు 2009 నాటి పరీక్ష వీడియో చూపిస్తాను. హైవే భద్రతకు పనిచేసే బీమా సంస్థల ఇన్‌స్టిట్యూట్ 1959 షెవ్రొలే బెల్ ఎయిర్‌ను, 2009 మాలిబూను గంటకు 40 మైళ్ళ వేగంతో ఎదురెదురుగా, సగం ముఖాలు తగిలేలా ఢీకొట్టించింది. బెల్ ఎయిర్‌లో డ్రైవర్ కూర్చునే చోటే నలిగిపోయింది. నిజంగా మనిషి ఉంటే బతికేవాడు కాదు. మాలిబూ ముందు భాగం నుజ్జయింది, లోపలి గది మాత్రం నిలబడింది. డ్రైవర్ కాలి దెబ్బతో బయటపడేవాడు. ముందు భాగం నలిగి దెబ్బను మింగాలి, మనిషి కూర్చున్న గది నలగకూడదు. మా వృత్తి సాధించినవాటిలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఇదే.

3. రిపేరు నేర్చుకోవాలంటే మాత్రం పాత కారే గురువు. కార్బురేటర్, చోక్, డిస్ట్రిబ్యూటర్ అన్నీ కంటికి కనిపిస్తాయి, చేతికి అందుతాయి. 1996 నుంచి అమెరికాలో అమ్మే పెట్రోలు కార్లన్నిటికీ ఓబీడీ-2 సాకెట్ ఉంది. దానికి స్కానర్ పెడితే లోపాన్ని సూచించే కోడ్ వస్తుంది. కోడ్ చెప్పేది లక్షణమే. కారణం మనమే వెతకాలి. ఆ వెతకడం పాత కారు దగ్గర బాగా అబ్బుతుంది.

4. చలికాలంలో మా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. తుప్పు పట్టకుండా, అప్పుడు పాత కారును గరాజ్ దాటించకండి.

5. పిల్లలను బడికి దింపడానికి కొత్త కారే వాడండి. పాతది కొంటే, రంగుకన్నా ముందు బ్రేకులకు ఖర్చుపెట్టండి. 1965 మస్టాంగ్‌లో నాలుగు చక్రాల బ్రేకులకూ ఒకటే ఆయిల్ లైను. ఒకచోట కారితే నాలుగూ పోతాయి. రెండు లైన్ల మాస్టర్ సిలిండర్, మూడు చోట్ల బిగించే సీటు బెల్టులు వేయించాకే రోడ్డెక్కండి.