కంప్యూటరు నెట్వర్కు విద్య



పదవ తరగతి ముగియకముందే మీ యిండ్లలో “తరువాత నేమి చదివింపవలెను?” అను ప్రశ్న పుట్టుచున్నది. ఇటీవల కొందఱు తల్లిదండ్రులు నన్ను చూచి, “నెట్వర్కింగు అను చదువు కలదట, అది డిగ్రీయా, లేక కొన్ని నెలల కోర్సా?” అని యడిగిరి. దానికి ప్రత్యుత్తరమిచ్చుటకు ముందు ఆ విద్య యెట్టిదో తెలిసికొనుట మేలు.

తపాలా పద్ధతి నెఱిగినవారికి ఈ శాస్త్రము క్రొత్తగా తోచదు. ఒక దీర్ఘమైన జాబును తునుకలుగా కత్తిరించి, ఒక్కొక్క తునుకను వేఱువేఱు కవరులలో నుంచి, ప్రతి కవరుమీదను పంపువాని చిరునామాయు, చేరవలసినవాని చిరునామాయు, వరుస సంఖ్యయు వ్రాసి డబ్బాలో వేసితిమనుకొనుడు. కంప్యూటరులు చేయు పని యిదియే. ఆ కవరునకు ప్యాకెట్టు అని పేరు. సాధారణముగా నొక ప్యాకెట్టు 1,500 బైట్లకు మించదు. దారిలో రూటరులను యంత్రము లుండును. రైల్వే తపాలాలో జాబులు వేఱుచేయు గుమాస్తా ప్రతి యూరికిని పూర్తిగా దారి యెఱుగ నక్కఱలేదు; ఏ జాబు ఏ సంచిలో వేయవలెనో తెలిసిన చాలును. రూటరు నట్లే తరువాతి మజిలీని మాత్రమే యెఱుగును. ప్యాకెట్లు తప్పిపోవచ్చును, ముందువెనుకలుగా చేరవచ్చును. చేరినచోటి కంప్యూటరు వానిని సంఖ్యలనుబట్టి పేర్చుకొని, లోపించిన దానిని మరల తెప్పించుకొనును.

ఈ యేర్పాటును వింటన్ సర్ఫ్, రాబర్టు కాన్ అను అమెరికా శాస్త్రజ్ఞులు 1974 లో ప్రకటించిరి. 1983 జనవరి 1వ తేదీనాడు ఆర్పానెట్టు అను అమెరికా ప్రభుత్వపు నెట్వర్కు ఆ పద్ధతికి మాఱెను. మన దేశమున సామాన్య ప్రజలకు ఇంటర్నెట్టు 1995 ఆగస్టు 15న లభ్యమయ్యెను. నాటినుండి తీగెలు మాఱినవి, యంత్రములు మాఱినవి. మూలసూత్రములు మాత్రము అవియే.

గణితమునకు భయపడువారు ఈ లెక్క చేసి చూడుడు. ఒక పాఠశాలలో 40 కంప్యూటరు లున్నవి. వానికిని, బయటికి దారిచూపు రూటరునకును కలిపి 41 చిరునామాలు కావలెను. చిరునామాల గుంపులు 16, 32, 64 ఇట్లు రెంటి ఘాతములుగనే యుండును. ప్రతి గుంపులోను మొదటిది గుంపునకు పేరుగను, కడపటిది అందఱి నొక్కసారి పిలుచుటకును విడువవలెను. 32 గల గుంపులో 30 మాత్రమే మిగులును, చాలవు. 64 గల గుంపులో 62 మిగులును గనుక అదియే తీసికొనవలెను. ఎనిమిదవ తరగతి విద్యార్థి చేయదగిన లెక్క యిది. డిగ్రీ పుచ్చుకొనినవారిలో కొందఱు చేయలేకున్నారు.

ఇక డిగ్రీ మాట. మన రెండు రాష్ట్రములలోను నెట్వర్కింగు పేరుతోనే డిగ్రీ యిచ్చు కళాశాలలు తక్కువ. ఇంటరులో గణిత, భౌతిక, రసాయన శాస్త్రములు చదివి, ఈఏపీసెట్టు వ్రాసి, నాలుగేండ్ల బి.టెక్.లో కంప్యూటరు సైన్సుగాని ఎలక్ట్రానిక్సుగాని తీసికొనినవారికి ఇది యొక పాఠ్యాంశముగా వచ్చును. బి.సి.ఏ. మొదలగు కోర్సులలోను కలదు. మఱియొక దారి యున్నది. పదవ తరగతి పిమ్మట పాలిసెట్టు వ్రాసి మూడేండ్ల డిప్లొమా చదివి, ఈసెట్టు ద్వారా బి.టెక్. రెండవ సంవత్సరముననే చేరవచ్చును. ఈ దారిని మనవారు చిన్నచూపు చూచుట నాకు నచ్చదు. చేతిపని త్వరగా నబ్బుట కిదియే మంచిది.

డిగ్రీతోపాటు కంపెనీల సర్టిఫికెట్టు పరీక్షలు కలవు. సిస్కో కంపెనీవారి సి.సి.ఎన్.ఏ. వానిలో ప్రసిద్ధము. పరీక్ష రెండు గంటలు. సర్టిఫికెట్టు మూడేండ్ల వఱకే చెల్లును. దీనికి డిగ్రీ యుండవలెనను నియమము లేదు. ఇక్కడనే తల్లిదండ్రులు మోసపోవుచున్నారు. “ఉద్యోగము తథ్యము” అని ప్రకటించి, వెనుకటి ప్రశ్నలు బట్టీపట్టించు శిక్షణాలయములు పట్టణములలో నున్నవి. నే నెఱిగిన యొక రైతు అరయెకరము తాకట్టుపెట్టి కుమారు నట్టిచోట చేర్చెను. బాలుడు పరీక్షలో నెగ్గెను. కాని ఉద్యోగమునకు పిలిచినవారు పైన చెప్పిన లెక్కవంటి దానినే యడుగగా మాటాడక కూర్చుండెను. అప్పు నేటికిని తీరలేదు. నేర్చుకొనుటకు అంత ధన మక్కఱలేదు. అభ్యాసమునకై సిస్కోవారే ప్యాకెట్ ట్రేసరు అను సాధనమును ఉచితముగా నిచ్చుచున్నారు. ఐ.ఐ.టి. ఆచార్యుల పాఠములు ఎన్‌పీటెల్‌లో ఉచితముగా వినవచ్చును.

ఉద్యోగమా, మొదట సుఖమైనది కాదు. నిచ్చెనయెక్కి కేబులు లాగవలెను. కాపలా గదులలో రాత్రి షిఫ్టులు చేయవలెను. పెద్ద బాధ్యత వచ్చినప్పుడు ఒక్క యాజ్ఞలోని పొరపాటు ఎంత పని చేయునో 2021 అక్టోబరు 4న లోకము చూచెను. ఫేస్‌బుక్కు కంపెనీలో మరమ్మతు వేళ నిచ్చిన యొక యాజ్ఞవలన వారి కేంద్రములను కలుపు నెట్వర్కు తెగిపోయి, ఫేస్‌బుక్కు, వాట్సాపు సుమారు ఆఱు గంటలు నిలిచిపోయినవి. అట్టి యాజ్ఞలను ముందుగా పరీక్షించు సాధనము వారికి లేకపోలేదు. ఆ సాధనములోనే దోష ముండెను. దూరమునుండి సరిచేయు దారియు మూసికొనిపోగా, ఇంజనీర్లు స్వయముగా యంత్రముల యొద్దకు పోవలసివచ్చెను.

కళాశాల నెన్నుకొనునప్పుడు ప్రకటనలోని భవనపు బొమ్మను చూడకుడు. ఒక పనిదినమున పోయి నెట్వర్కు ప్రయోగశాల తలుపు తెఱిపించుడు. తాళముచెవి ఎవరియొద్ద నున్నదో వెదకవలసివచ్చినను, స్విచ్చిలమీద దుమ్ము పేరుకొనియున్నను, రుసుము కట్టకుండ తిరిగిరండు. బల్లమీద చిక్కుపడిన కేబులులు, నలిగిన కాగితములు, వానిచుట్టు వాదించుకొనుచున్న విద్యార్థులు కనబడినచో లోపలికిపోయి మఱికొంతసేపు కూర్చుండుడు.