నీడ కూడా ఊరి ఆస్తే

1. నీడ విలువ నడిచేవాడికే తెలుసు.

మిరప కోతలకు వెళ్లడానికి ఆటో కోసం నిలబడే కూలీకి, తోపుడుబండి మీద జామకాయలు అమ్మే ఆమెకు ఎండలో చెట్టే ఇల్లు. 2015 మేలో వడగాడ్పులు ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యిమందికి పైగా జనాన్ని పొట్టనబెట్టుకున్నాయి. మన ప్రకాశం జిల్లాలోనే చావులు ఎక్కువ. పోయినవాళ్లలో చాలామంది ఎండన పడి పనిచేయక తప్పని కూలీలు, వయసు మళ్లినవాళ్లు. ఆ వేసవి తర్వాత చెట్టును అందం కోసం చూడటం నాకు చేతకాలేదు. చెట్టు ఎండను తారు మీద పడనివ్వదు. వేళ్లు తోడిన నీటిని ఆకుల గుండా ఆవిరి చేసి చుట్టూ గాలిని చల్లబరుస్తుంది. నీడ లేని తారూ సిమెంటూ పగలంతా తాగిన వేడిని రాత్రంతా కక్కుతాయి. మా అద్దంకిలో ఇప్పుడు డాబా మీద చాప పరిచినా నిద్రపట్టనిది అందుకే.

2. మొక్క చెట్టుకు బదులు కాదు.

అద్దంకి–నార్కెట్‌పల్లి రోడ్డు నాలుగు వరుసలైనప్పుడు పక్కనున్న పాత చెట్లు పోయాయి. రోడ్డు కావలసిందే, నేనూ దాని మీదే తిరుగుతున్నాను. కానీ ఒకటి కొడితే పది నాటుతారులే అనుకుని మా తరం ఊరుకుంది. ఆ పదీ కలిసి ఒక్క చింతమాను నీడ ఇచ్చేసరికి ఒక తరం ఎండలోనే పెరిగిపోతుంది. 2002 వాల్టా చట్టం పేరులోనే నీరు, భూమి, చెట్లు ఉన్నాయి. దాని ప్రకారం చెట్టు కొట్టాలంటే అనుమతి ఉండాలి. గొడ్డలి పడకముందే ఆ కాగితం చూపించమనండి బాబూ. మీరు అడిగితే కాదనేవాళ్లు తక్కువ.

3. త్వరగా పెరిగేదల్లా మేలు చేయదు.

ఇట్టే పచ్చబడుతుందని ఊరూరా కోనోకార్పస్ నాటారు. చివరికి తెలంగాణలో దాన్ని ఇక నాటవద్దని ప్రభుత్వమే చెప్పాల్సి వచ్చింది. వేప నిదానమే. అయినా ఉగాది పచ్చడికి పువ్విస్తుంది, గింజల కషాయమై పత్తి, మిరప చేలల్లో పురుగును ఆపుతుంది.

4. మాడిన కొమ్మను చూసి మానును చంపొద్దు.

2021లో తెలుగునాట వేపచెట్లు కొమ్మల చివర్ల నుంచి ఎండుతూ వచ్చాయి. అది శిలీంద్రం తెచ్చిన తెగులు. చచ్చిపోయిందనుకుని కొట్టేయబోయినవాళ్లు ఉన్నారు. ఆగినచోట చాలా చెట్లు మళ్లీ చిగురించాయి. మీ వీధిలో అలాంటిది కనబడితే ఎండిన కొమ్మలు మాత్రం తీయించండి. మొదలు దాకా పోసిన సిమెంటును పగలగొట్టి, వేరుకు వాననీరు అందేంత మట్టి వదలండి.