‘బాగుంది’ అంటే సరిపోదు: పోర్ట్‌ఫోలియో వెబ్‌సైట్‌ను నలుగురితో పరీక్షించుకోవడం ఎలా?

చదువు ముగించి పని కోసం తిరిగే మన పిల్లలకు ఇవాళ బయోడేటా ఒక్కటే చాలడం లేదు. డిజైనింగ్, ఫొటోగ్రఫీ, మగ్గం వర్క్ వంటివి నేర్చినవారిని “మీరు చేసినవి ఏమైనా చూపించండి” అని అడుగుతున్నారు. చేసిన పనులను ఒకచోట పేర్చి చూపించే వెబ్‌సైట్‌నే పోర్ట్‌ఫోలియో అంటారు. దాన్ని తయారు చేయడం నేర్పేవారు చాలామంది ఉన్నారు. తయారైనది పనికొస్తుందో లేదో ఎలా తెలుసుకోవాలో చెప్పేవారు తక్కువ. ఈ పాఠం ఆ విషయం గురించే.

ఒక అమ్మాయి అనుభవం

నా దగ్గర కంప్యూటర్ నేర్చుకున్న ఒక అమ్మాయి డిగ్రీ చదువుతూనే డీటీపీ సెంటర్‌లో పెళ్లికార్డులు, షాపుల బోర్డులు డిజైన్ చేసేది. చేతిపని మంచిది. రెండు నెలలు రాత్రుళ్లు కూర్చొని సొంతంగా వెబ్‌సైట్ తయారు చేసుకుంది. ఇంట్లో అందరికీ చూపించింది. అందరూ “చాలా బాగుంది” అన్నారు. ప్రింటింగ్ ప్రెస్సులకు, డిజైన్ ఆఫీసులకు లింకు పంపింది. నెల గడిచినా ఒక్క జవాబూ రాలేదు. “నా పనే బాగోలేదేమో సార్, ఇక టైపింగ్ ఉద్యోగం చూసుకుంటాను” అంది.

ఆ మాట నిజమో కాదో చూద్దామని, వాళ్ల ఖాలాను పిలిచి ఆమె సొంత ఫోన్‌లోనే ఆ వెబ్‌సైట్ తెరిచి ఇచ్చాం. “ఎలా ఉంది?” అని అడగలేదు. “మీ ఇంట్లో పెళ్లి ఉందనుకోండి. ఈ వెబ్‌సైట్ చూసి కార్డు ఆర్డర్ ఇవ్వండి” అన్నాను.

ఖాలా ఒక కార్డు బొమ్మ మీద వేలు పెట్టారు. అది పెద్దది కాలేదు. మళ్లీ నొక్కారు. పైన మూలనున్న మూడు గీతలే మెనూ అని ఆమెకు తెలియదు. అమ్మాయి ఆగలేక “పైన నొక్కు ఖాలా” అనబోతే సైగ చేసి ఆపాను. కిందిదాకా జరిపి, నలభై బొమ్మలు దాటాక ఒక ఫారం కనిపిస్తే, అందులో రాసి పంపారు. చివరికి ఆమె అన్న మాట: “బాగానే ఉందమ్మా. నాకే చేతకావడం లేదు.”

ఆ సందేశం అమ్మాయికి చేరలేదు. ఫారంలో ఈమెయిల్ చిరునామా ఒక్క అక్షరం తప్పు పడింది. అంటే ఆ నెలలో ఎవరైనా రాసి ఉన్నా ఆమెకు అందే దారే లేదు. తన పని బాగోలేదని ఆమె బాధపడింది. అసలు ఆ పని ఎదుటివారి దాకా చేరిందో లేదో కూడా మనకు తెలియదు.

అభిప్రాయం వేరు, పరీక్ష వేరు

“ఎలా ఉంది?” అని అడిగితే మనవాళ్లు మన మనసు చూసి జవాబిస్తారు. అది ప్రేమే, అబద్ధం కాదు. కానీ దాని వల్ల తప్పు బయటపడదు. వాడలేకపోయినవారు కూడా లోపం తమదే అనుకుంటారు. అందుకే అభిప్రాయం అడగకండి, ఒక పని అప్పగించండి. ఈ మూడు పనులు చాలు:

1. మొదటి పేజీని ఐదు సెకన్లు చూపించి ఫోన్ తీసేసుకోండి. “ఈ వ్యక్తి ఏ పని చేస్తారు?” అని అడగండి.
2. “మీకు కావలసినలాంటి పని ఒకటి ఇందులో వెతికి చూపించండి” అనండి.
3. “ఈ వ్యక్తితో మాట్లాడాలంటే ఏం చేస్తారో చేసి చూపించండి” అనండి.

వారు చేస్తున్నంతసేపూ మనసులో అనుకుంటున్నది పైకి చెప్పమనండి. మీరు మాత్రం నోరు విప్పకూడదు. దారి చూపించకూడదు, సమర్థించుకోకూడదు. ఎక్కడ ఆగారు, ఎక్కడ వెనక్కి వచ్చారు అన్నది కాగితం మీద రాసుకోండి. రేపు ఉద్యోగమిచ్చే వ్యక్తి మీ వెబ్‌సైట్ చూసేటప్పుడు పక్కన కూర్చొని వివరించడానికి మీరు ఉండరు కదా.

ఎంతమంది కావాలి?

ఈ రంగంలో పేరున్న జేకబ్ నీల్సన్ 2000లో ఒక లెక్క చెప్పారు. ఐదుగురితో పరీక్షిస్తే వాడకంలోని ఇబ్బందుల్లో సుమారు 85 శాతం బయటపడతాయని. ఇది సగటు లెక్కే, ప్రతిచోటా అలాగే జరగాలని లేదు. అయితే ఆయన సలహాలో అసలు విలువైనది మరొకటి: పదిహేను మందితో ఒకేసారి కాకుండా, ఐదుగురితో చూసి, సరిదిద్ది, మళ్లీ వేరే ఐదుగురితో చూడమన్నారు.

ఆ ఐదుగురూ ఒకే రకం మనుషులు కాకుండా చూసుకోండి. ఫోన్ మాత్రమే వాడే పెద్దవారు ఒకరు, ఆర్డర్ ఇవ్వగల వ్యాపారి ఒకరు, మీ పని గురించి ఏమీ తెలియనివారు ఒకరు ఉండాలి. ఆ రంగంలో పనిచేసేవారు ఒకరైనా తప్పనిసరి. ఆయన్ను మాత్రం సూటిగా అడగండి: “ఇది చూసి నన్ను పిలుస్తారా? పిలవకపోతే దేని వల్ల?”

మా అమ్మాయి ఇలాగే ఒక ప్రెస్ యజమానిని అడిగింది. ఆయన “కార్డు బాగుందమ్మా. ఇందులో నువ్వు చేసింది ఏమిటి? అక్షరాలా, బొమ్మా, మొత్తమా?” అన్నారు. ఆ ప్రశ్నకు వెబ్‌సైట్‌లో జవాబు లేదు. తర్వాత ఆమె నలభై పనుల్లో ఎనిమిదే ఉంచి, ప్రతిదాని కింద ఎవరి కోసం, ఏం అడిగారు, తాను ఏం చేసింది అని మూడు వాక్యాలు రాసింది. ఇతరులతో కలిసి చేసినచోట వారి పని ఏదో కూడా చెప్పింది.

కంటితో, కొలతతో చూడవలసినవి

కొన్ని లోపాలు మనుషులు చెప్పకపోయినా కొలతలు చెబుతాయి. వెబ్‌సైట్లు అందరికీ అందుబాటులో ఉండడం కోసం డబ్ల్యూ3సీ సంస్థ ప్రమాణాలు పెట్టింది. వాటి ప్రకారం మామూలు సైజు అక్షరాలకూ వెనకున్న రంగుకూ మధ్య తేడా కనీసం 4.5కు 1 ఉండాలి. తెల్లటి పేజీ మీద లేత బూడిదరంగు అక్షరాలు మీ కళ్లకు అందంగా ఉండవచ్చు, ఎండలో నిలబడి ఫోన్ చూసేవారికి కనబడవు. బటన్లు బొటనవేలికి అందేంత పెద్దవిగా ఉండాలి. ఆండ్రాయిడ్‌కు గూగుల్ సూచించే కొలత 48 డీపీ. బొమ్మలను ప్రింటుకు పంపే సైజులోనే పెడితే పేజీ త్వరగా తెరుచుకోదు. సైజు తగ్గించి, మొబైల్ డేటా మీద తెరిచి చూడండి.

తెలుగు అక్షరాల విషయంలో మరో జాగ్రత్త ఉంది. డీటీపీలో వాడే అను ఫాంట్ల మేటర్‌ను అలాగే తెచ్చి అతికిస్తే వెబ్‌సైట్‌లో అర్థంకాని గుర్తులు వస్తాయి. యూనికోడ్‌లో టైపు చేసి నోటో సాన్స్ తెలుగు, మండలి వంటి ఫాంట్లు వాడండి. ఒత్తులు కింది వరసను తాకకుండా వరసల మధ్య ఖాళీ పెంచండి. ఉర్దూ ఉంటే కుడి నుంచి ఎడమకు వచ్చేలా అమర్చి, ఆ భాష చదివేవారితో ఒకసారి చూపించుకోండి.

గోప్యత కూడా పరీక్షలో భాగమే. పెళ్లికార్డుల మీద కుటుంబాల పేర్లు, ఇంటి చిరునామాలు, ఫోన్ నంబర్లు ఉంటాయి. వారి అనుమతి లేకుండా పెట్టకండి, లేదా ఆ వివరాలు మార్చి పెట్టండి. అమ్మాయి సొంత నంబరు అందరికీ కనబడడం వాళ్ల అబ్బాకు ఇష్టం లేకపోయింది. ఆయన ఆందోళనలో న్యాయముంది. పని కోసం విడిగా ఒక నంబరు తీసుకొని, “వాట్సాప్‌లో అడగండి” అనే బటన్ మొదటి పేజీలోనే పెట్టాం.

విన్నదానితో ఏం చేయాలి?

అన్నీ మార్చనక్కరలేదు. ఒకరు నీలం బాగుంటుందంటారు, మరొకరు ఆకుపచ్చ అంటారు. అవి ఇష్టాలు, విని పక్కన పెట్టవచ్చు. కానీ ఐదుగురిలో ముగ్గురు ఒకేచోట ఆగిపోతే అది లోపం. ముందు దాన్ని సరిచేయండి. మిమ్మల్ని సంప్రదించే దారి మూసుకుపోతే మాత్రం ఒక్కరు ఆగినా వెంటనే సరిచేయాలి. విమర్శ విన్నరోజే జవాబు చెప్పకండి. రాసుకొని, మర్నాడు చదివి, అప్పుడు నిర్ణయించుకోండి.

రెండో విడత పరీక్షలో ఖాలా మళ్లీ కూర్చున్నారు. ఈసారి ఎవరినీ అడగకుండా ఆర్డర్ సందేశం పంపారు. అమ్మాయి ఫోన్ అక్కడే మోగింది. ఆ వారమే ఆమె పాత చిరునామాలన్నిటికీ లింకు మళ్లీ పంపింది. రెండు చోట్ల నుంచి పిలుపు వచ్చింది. ఒకరు వద్దన్నారు. మరొకరు నెలరోజులు పని చేసి చూపించమన్నారు. టైపింగ్ ఉద్యోగం ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెట్టింది.

విద్యార్థులారా, మీ వెబ్‌సైట్ సిద్ధంగా ఉంటే ఈ ఆదివారం ఇంట్లో పెద్దవారొకరి చేతికి ఫోన్ ఇవ్వండి. పని అప్పగించి మౌనంగా కూర్చోండి. ముందుగా మీ ఫారం నుంచి మీకే ఒక సందేశం పంపుకొని, అది వచ్చిందో లేదో చూసుకోవడం మరవకండి.