రెండు దీపాలు ఒకటెలా అయ్యాయి?

మేడ్చల్ మీదుగా నాగపూర్ వెళ్ళే రహదారిపై రాత్రిపూట వచ్చే లారీలను గమనించారా? చాలా దూరాన లారీ ఒకే దీపంలా కనిపిస్తుంది. దగ్గరయ్యేకొద్దీ ఆ దీపమే రెండుగా విడిపోతుంది. కారణమేమిటి?

ఒక ప్రయోగం చేద్దాం. దళసరి నల్ల కాగితంలో సూదిమొనతో అర మిల్లీమీటరు రంధ్రం చేయండి. రోడ్డు మీదికి వెళ్ళకుండా, డాబా పైనుంచి, ఒకటిన్నర కిలోమీటర్ల దూరాన ఉన్న లారీని చూడండి. వట్టి కంటికి రెండు దీపాలు. రంధ్రంలోంచి చూస్తే ఒక్కటే!

కాంతి ఎప్పుడూ సూటిగానే పోతే ఇలా జరగకూడదు. కాని కాంతి తరంగాలుగా ప్రయాణిస్తుంది. శామీర్‌పేట చెరువులోనో, మీ ఊరి చెరువులోనో రెండు రాళ్ళ సందులోంచి దూరిన అలను చూడండి. సందు దాటగానే అది ఇరుపక్కలకూ విచ్చుకుంటుంది. కాంతి కూడా అంతే. దీనినే వివర్తనం అంటారు. రంధ్రం ఎంత చిన్నదైతే కాంతి అంత ఎక్కువగా విచ్చుకుంటుంది. అందుకే ఒక్కొక్క దీపం ఒక మచ్చలా విస్తరించి, రెండు మచ్చలూ కలిసిపోయాయి.

రెండు పెన్సిళ్ళను ఆనించి పట్టి, ఆ సన్నని సందులోంచి దూరపు దీపాన్ని చూడండి. వెలుగు సందుకు అడ్డంగా సాగి, చారలుగా కనిపిస్తుంది. సందును తగ్గిస్తే చారలు ఇంకా ఎడమవుతాయి.

ఇక లెక్క. తరంగదైర్ఘ్యాన్ని 1.22తో గుణించి రంధ్రం వ్యాసంతో భాగిస్తే, రెండు దీపాలు విడిగా కనబడటానికి కావలసిన కనీస కోణం రేడియన్లలో వస్తుంది. పసుపు కలిసిన ఆకుపచ్చ కాంతి తరంగదైర్ఘ్యం సుమారు 0.00055 మి.మీ.

1.22 × 0.00055 ÷ 0.5 = 0.00134

దీపాల మధ్య ఎడం 1.5 మీటర్లనుకుంటే, 1.5 ÷ 0.00134 = సుమారు 1,120 మీటర్లు. అంతకు మించిన దూరంలో దీపాలు ఒకటవుతాయి.

మన కంటిపాప కూడా ఒక రంధ్రమే. దాని వ్యాసం 2 మి.మీ. అనుకొని మీరే లెక్క కట్టండి. సుమారు నాలుగున్నర కిలోమీటర్లు వస్తే మీ లెక్క సరి. చీకట్లో కంటిపాప ఇంకా విప్పారుతుంది గాని, అప్పుడు కంటి కటకంలోని లోపాలు అడ్డుపడతాయి.

విశాఖపట్నంలో బాల్యం గడిపిన సి.వి. రామన్ తొలి పరిశోధన కూడా వివర్తనం పైనే. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుతుండగా, పట్టకం ముఖంపై బాగా ఏటవాలుగా పడి పరావర్తనం చెందిన కాంతిలో చారలు ఇరుపక్కలా సమానంగా లేవని ఆయన గమనించాడు. 1906 నవంబరులో ఆ వ్యాసం లండన్ 'ఫిలసాఫికల్ మ్యాగజైన్'లో అచ్చయింది. అప్పటికి ఆయన వయస్సు 18 ఏళ్ళు!

మీరూ రంధ్రాలను మార్చి చూడండి. ఏ రంధ్రానికి ఎంత దూరంలో దీపాలు కలిశాయో రాసుకోండి. సూర్యుణ్ణి మాత్రం ఎన్నడూ ఇలా చూడకండి.