మొదటి పాత బండి కొనబోయే మేనల్లుడికి

కుందుర్పి



పాత మోటారుసైకిల్ ఒకటి కొని దాచుకోవాలని ఉందని నువ్వు చెప్పినప్పటి నుంచి నాకూ అదే ఆలోచన. ఫోన్లో అన్నీ చెప్పలేక రాస్తున్నా. నువ్వు పంపిన మూడు ఫోటోలూ చూశా. నీ మనసు ఆ ఎర్రగా మెరిసేదాని మీదే ఉందని తెలుస్తోంది. నేనూ నా మొదటి పాత బండిని మెరుపు చూసే కొన్నా. ఈ చుట్టుపక్కల ఇంకెవరి దగ్గరా లేని మోడలు. ఆరు నెలలకే గేరు పన్ను ఒకటి విరిగింది. దానికోసం రెండేళ్లు ఊర్లు తిరిగా. బండి మాత్రం కొట్టంలో ఎండుగడ్డి పక్కనే నిలబడిపోయింది. రోజూ దాన్ని అట్లా చూస్తుంటే ఇష్టమే చచ్చిపోయింది రా. ఆ బాధ నీకు వద్దు.

మన చేన్లో వేసే టీఎంవీ-2 శెనక్కాయ నీకు తెలుసు. 1940లో తిండివనం నుంచి వచ్చిన రకం. ఎక్కువ కాపు కాసే రకాలు ఎన్ని వచ్చినా మన రైతులు దాన్ని ఏళ్ల తరబడి వదల్లేదు. వాన మోసం చేసి మళ్లీ విత్తాల్సి వస్తే పక్కింట్లోనే విత్తనం దొరకాలి కదా! మొదటి పాత బండీ అట్లాంటిదే అయ్యుండాలి. చెడిపోయిన రోజు సామానూ, చెయ్యి తిరిగిన మెకానిక్కూ అందుబాటులో ఉండాలి.

ఆ లెక్కన నా మాట పాత ఇనప ఇంజన్ బుల్లెట్ 350. పుట్టింది ఇంగ్లండులోనే అయినా 1955లో మద్రాసుకొచ్చి మనదైపోయింది. 1977 నుంచి ఇక్కడి బండ్లు తిరిగి ఇంగ్లండుకే ఎగుమతి అయినాయి. ఇన్ని దశాబ్దాలు ఆ 346 సీసీ ఇంజన్ మూలం పెద్దగా మారలేదు. అందుకే పిస్టన్, క్లచ్ ప్లేట్లు, పాయింట్లు ఈ రోజుకీ దొరుకుతున్నాయి.

జావా, యెజ్డీలూ నాకు ఇష్టమే. 1961 నుంచి మైసూరులో తయారైన బండి, 1973లో యెజ్డీ పేరు పెట్టుకుంది. కిక్కు రాడే గేరు రాడ్ కూడా. ఫ్యాక్టరీ 1996లో మూతపడినా మైసూరు, బెంగళూరుల్లో దాన్ని ప్రాణంగా చూసుకునేవాళ్లున్నారు. చెయ్యి కుదిరాక రెండో బండిగా కొను. రాజ్‌దూత్ 350 జోలికి మాత్రం ఇప్పుడే పోవద్దు. దాని అసలు సామాను కోసం వెతకడానికే నీ జీతం చాలదు.

బండి కంటే ముందు ఆర్‌సీ అడుగు. ఇంజన్ మీదా, చాసిస్ మీదా కొట్టిన నంబర్లు ఆర్‌సీతో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. నంబరు చుట్టూ గీకినట్టు, మళ్లీ కొట్టినట్టు ఉంటే అక్కణ్ణుంచి లేచి వచ్చెయ్. మనది సరిహద్దు ఊరు కాబట్టి పావగడ, చళ్లకెర బండ్లు చవగ్గా కనబడతాయి. కర్ణాటక ఎన్‌వోసీ లేకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు. 50 ఏళ్లు దాటిన బండ్లకు 2021లో వీఏ నంబర్ల రిజిస్ట్రేషన్ వచ్చింది గానీ, ఆ నంబరుతో రోజూ తిరగనివ్వరు. నీకు మామూలు ఆర్‌సీనే మేలు.

తర్వాత బండిని చూడు. ట్యాంకు మూత తీసి టార్చి వెయ్యి. సముద్రం పక్క ఊర్లలో తిరిగిన బండికి లోపల తుప్పు ఉంటుంది. మన పొడి గాలికి ఇనుము బతుకుతుంది గానీ, ఎండకు రబ్బరు చచ్చిపోతుంది. పెట్రోలు పైపు, కేబుళ్లు, టైర్ల అంచులు పగిలాయేమో వేలితో వంచి చూడు. ఇప్పటి పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, పాత రబ్బరుకు అది పడదు. పైపులన్నీ కొత్తవి వేయించు. బండి నిలబెట్టే ముందు పెట్రోలు కాక్ కట్టేసి, కార్బొరేటర్ ఖాళీ అయ్యేదాకా ఇంజన్ తిరగనియ్యి.

బుల్లెట్‌ను బలంతో తొక్కొద్దు. కిక్కు రాడ్‌ను మెల్లగా నొక్కు. ఆమీటరు ముల్లు మధ్యకొచ్చి కాలికి బిగువు తగిలిన చోట డీకంప్రెసర్ లివర్ పట్టుకుని కొంచెం దాటించు. లివర్ వదిలేసి, రాడ్ పైకి వచ్చాక ఒకే నిండు కిక్కు. సగంలో ఆపితే ఎదురు తన్ని మడమ విరగ్గొడుతుంది. పాత బుల్లెట్‌కు గేరు కుడికాలి కింద, బ్రేకు ఎడమకాలి కింద ఉంటాయి. కంగారులో పాత అలవాటే ముందుకొస్తుంది. అందుకని రోడ్డెక్కకముందు శెనక్కాయ పీకేసిన చేన్లో వారం రోజులు తిప్పు.

అన్నిటికంటే ముఖ్యమైనది చివరికి ఉంచా. నువ్వు పోయేదాకా బండి స్టార్ట్ చెయ్యొద్దని అమ్మేవాడికి ముందే చెప్పు. పోగానే ఇంజన్ మీద చెయ్యి పెట్టు. వెచ్చగా ఉంటే వాడు ఏదో దాస్తున్నాడని అనుమానించు. చల్లటి ఇంజన్ మూడు నాలుగు కిక్కులకు లేచి, నీలం పొగ వదలకుండా నిలకడగా కొట్టుకుంటే దాన్ని నమ్మొచ్చు. ట్యాంకు మీద రంగు పోయినా పర్వాలేదు, రంగు మనమే వేయించుకుందాం.

ఆదివారం తెల్లారేసరికి కళ్యాణదుర్గం బస్టాండులో ఉంటా. ఇద్దరం కలిసే పోదాం. చల్లటి ఇంజన్ మీద మొదట నా చెయ్యి పెట్టనియ్యి.

మీ మామ