స్థానం మారితే స్థాయి తగ్గినట్టా?



"మా బాబును ఓపెనింగ్ బ్యాటింగ్ నుంచి ఎందుకు తీసేశారు?" "మా పాపకు డ్యాన్స్‌లో ముందు వరుస ఎందుకు ఇవ్వలేదు?" ఏడాది పొడవునా మా పీఈటీలు, టీచర్లు వినే ప్రశ్నలివి. పిల్లల తరఫున అడగడంలో తప్పు లేదు. అడిగే ముందు ఈ వాలీబాల్ క్రీడాకారిణి గురించి ఒకసారి చదవండి.

ఎవరీ ఎబ్రార్?

ఎబ్రార్ కరాకుర్ట్ 2000 జనవరిలో టర్కీలోని బాలికెసిర్‌లో పుట్టింది. ఇస్తాంబుల్‌లోని ప్రసిద్ధ క్లబ్ వకీఫ్‌బ్యాంక్‌కు, తర్వాత ఇటలీలో నొవారాకు ఆడింది. 18 ఏళ్లకే జాతీయ జట్టులోకి వచ్చింది. ఆమె స్థానం 'ఆపోజిట్'. అంటే కోర్టులో కుడివైపు ఉండి బలంగా స్మాష్ కొట్టి పాయింట్లు తేవడం. ఎదుటి జట్టు సర్వ్‌ను అందుకునే బాధ్యత ఈ స్థానంలోని వారికి సాధారణంగా ఉండదు.

2023లో వచ్చిన మార్పు

ఆ ఏడాది క్యూబాలో పుట్టి టర్కీ పౌరసత్వం పొందిన మెలిస్సా వర్గాస్ జట్టులో చేరింది. ఆమెదీ అదే స్థానం. ఇద్దరినీ ఒకేసారి ఆడించాలంటే ఒకరు మారాలి. ఎబ్రార్ ఎడమవైపు అటాకర్‌గా ఆడటం మొదలుపెట్టింది. ఇక్కడ స్మాష్ ఒక్కటే చాలదు, గంటకు పదుల కిలోమీటర్ల వేగంతో వచ్చే సర్వ్‌ను చేతులపై తీసుకుని సెటర్‌కు అందించాలి. కొత్తగా రిసీవ్ చేస్తున్న వారి మీదికే ఎదుటి జట్టు కావాలని సర్వ్ చేస్తుంది. తప్పు జరిగితే అందరికీ కనిపిస్తుంది, బంతిని చక్కగా అందిస్తే మాత్రం చప్పట్లు స్మాష్ కొట్టినవారికే.

ఫలితం? 2023లోనే టర్కీ నేషన్స్ లీగ్ గెలిచింది. సెప్టెంబరులో బ్రస్సెల్స్‌లో సెర్బియాను 3-2తో ఓడించి తొలిసారి యూరప్ చాంపియన్ అయింది. ఆ ఫైనల్లో వర్గాస్ 41 పాయింట్లు సాధించింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. పతకం రాకపోయినా, ఒలింపిక్స్‌లో టర్కీ మహిళల వాలీబాల్‌కు అదే అత్యుత్తమ ఫలితం.

మనం ఏం చేయవచ్చు?

• పిల్లల స్థానం మారినప్పుడు "నిన్నెందుకు తీసేశారు?" అనకండి. "కొత్త చోట ఏం నేర్చుకోవాలట?" అని అడగండి. మొదటి ప్రశ్న అవమానాన్ని గుర్తుచేస్తుంది, రెండోది పనిని చూపిస్తుంది.

• మ్యాచ్ అయ్యాక "ఎన్ని కొట్టావు?"తో పాటు "ఎవరికి సాయపడ్డావు?" అని కూడా అడగండి.

• కొత్త పనిలో మొదటి వారాల్లో తప్పులు సహజం. పాత స్థానంలోని ఆటతో పోల్చకండి.

• కారణం అర్థం కాకపోతే నేరుగా పీఈటీని కలవండి. ప్రతి మార్పూ సరైనదే కాకపోవచ్చు. కానీ ఆ మాట పిల్లల ముందు కాకుండా పెద్దల మధ్యే జరగాలి.

ఈ ఆదివారం ఆమె మ్యాచ్ వీడియో ఒకటి పిల్లలతో కలిసి చూడండి. పాయింటు వచ్చిన ప్రతిసారీ ఒక్క పందెం: మొదట బంతిని అందుకున్నది ఎవరో ముందుగా ఎవరు చెబుతారు?